గండికోట, బెలుం, యాగంటి, తాడిపత్రి: మూడు రోజుల్లో ఏ వరుసలో చూడాలి?

ప్రశ్న (అడిగినవారు: మూడుపగళ్లు)

డిసెంబరు రెండో వారంలో హైదరాబాదు నుంచి కారులో బయలుదేరాలని అనుకుంటున్నాం. నలుగురు పెద్దవాళ్లు, తొమ్మిదేళ్ల పాప. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పదిహేను ఇరవై మెట్లయితే మెల్లగా ఎక్కుతుంది, అంతకు మించితే కష్టం. మూడు పగళ్లు, రెండు రాత్రులు చేతిలో ఉన్నాయి.

తెలిసినవాళ్లు చెప్పగలరని అడుగుతున్నాను:

1. ఏది ముందు, ఏది తర్వాత? రాత్రులు ఎక్కడ ఉండాలి?
2. బెలుం గుహల్లోకి అమ్మను తీసుకెళ్లవచ్చా?
3. గండికోట సాయంత్రం చూడాలా, తెల్లవారుజామునా?
4. తాడిపత్రి కోసం అంత చుట్టు తిరగడం అవసరమా? దాని బదులు అహోబిలం పెట్టుకోవచ్చా?

రేనాటి_బాటసారి

ముందు నాలుగో ప్రశ్న. అహోబిలం ఈసారికి వద్దండి. దిగువ అహోబిలం వరకైతే సులువే గానీ, నవ నారసింహ క్షేత్రాల్లో చాలావాటికి అడవిలో రాళ్ల మీద నడవాలి. దానికి విడిగా రెండు రోజులు కావాలి, మోకాళ్లు బాగుండాలి. ఈ మూడు రోజుల్లో దూరిస్తే ఏదీ సరిగ్గా చూడలేరు.

ఇక వరుస. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు చాలామంది నేరుగా గండికోటకు పోతారు. మిట్టమధ్యాహ్నం దాటాక అలసిపోయి చేరతారు. మర్నాడు ఎండెక్కాక బెలుం, తిరుగు దారిలో గుడి మూసే వేళకు యాగంటి. ఉన్నవి నాలుగు చోట్లయితే మూడు తప్పుడు వేళల్లో చూసినట్టవుతుంది. గుహకు తలుపు తీసిన వెంటనే వెళ్లాలి, లోయకు వాలు ఎండ కావాలి, గుడులకు మధ్యాహ్నం విరామం తప్పించాలి. అందుకని పోయేటప్పుడు కర్నూలు, పాణ్యం, బనగానపల్లె మీదుగా పోయి, వచ్చేటప్పుడు తాడిపత్రి, గుత్తి మీదుగా రండి. కర్నూలు నుంచి హైదరాబాదు దాకా తప్ప ఒకే రోడ్డు రెండుసార్లు పెద్దగా తగలదు.

మొదటి రోజు పొద్దున ఆరింటికి బయలుదేరితే చాలు. 44వ జాతీయ రహదారి మీద కర్నూలు 215 కిలోమీటర్లు. టిఫిను అక్కడే చేయండి, ఉగ్గాణి బజ్జీ దొరికితే వదలొద్దు. తర్వాత నంద్యాల రోడ్డు పట్టుకుంటే ఇరవై కిలోమీటర్లు దాటాక ఓర్వకల్లు రాక్ గార్డెన్ రోడ్డు పక్కనే వస్తుంది. నీటి మడుగుల మధ్య నిలబడ్డ రాళ్లు, పాపకు బాగుంటుంది, గంట చాలు. పాణ్యం దగ్గర కుడివైపు తిరిగితే బనగానపల్లె. భోజనం అక్కడే చేసుకోండి. యాగంటి అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరం. గుడి మధ్యాహ్నం మూసి మళ్లీ మూడు గంటల ప్రాంతంలో తెరుస్తారు. మూడున్నరకు వెళ్తే ఎండ తగ్గుతూ ఉంటుంది, ఎర్రటి కొండ గోడ నీడలో కోనేరు చల్లగా ఉంటుంది.

యాగంటిలో అమ్మగారికి ఇబ్బంది లేదు. ఉమామహేశ్వర స్వామి గుడికి మెట్లు కొద్దే. లోపల లింగం కాదు, శివపార్వతులు ఒకే రాతి విగ్రహంలో ఉంటారు, అది గమనించండి. మంటపంలోని నందే యాగంటి బసవన్న. ఈ నంది పెరుగుతోందని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తుందని వీరబ్రహ్మంగారి మాటగా ఇక్కడ అందరూ చెబుతారు. నందికీ స్తంభాలకూ మధ్య ఎంత ఇరుకుందో చూస్తే ఆ నమ్మకం ఎందుకంత బలంగా ఉందో అర్థమవుతుంది. పైన గుహలున్నాయి. అగస్త్యుడి గుహకు నూట ఇరవై దాకా నిటారు మెట్లు, అమ్మగారిని కిందే ఉంచండి. బ్రహ్మంగారి గుహలో వంగి నడవాలి. కోనేటి మెట్లు ఎప్పుడూ తడిగా, పాకుడు పట్టి ఉంటాయి. పాప చెయ్యి వదలకండి.

రాత్రికి బనగానపల్లెలో మామూలు లాడ్జీలున్నాయి. కాస్త మంచి గది కావాలంటే నంద్యాల వెళ్లాలి, నలభై కిలోమీటర్ల లోపే.

రెండో రోజు బనగానపల్లె నుంచి అవుకు మీదుగా బెలుం, నలభై అయిదు కిలోమీటర్ల లోపు. పది గంటలకు గుహ తెరిచే వేళకు గేటు దగ్గర ఉండండి. పన్నెండుకు బయటపడి కొలిమిగుండ్ల, జమ్మలమడుగు మీదుగా గండికోట, అరవై కిలోమీటర్ల ప్రయాణం. ఈ దారిలో సిమెంటు లారీలు, బండల లారీలు ఎక్కువ. కిలోమీటర్లు చూసి లెక్క వేయకండి, రెండు గంటలు పెట్టుకోండి. పెట్రోలు, డబ్బు జమ్మలమడుగులోనే చూసుకోండి. రాత్రి గండికోటలోనే. పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు దగ్గరలో ఉంది. డిసెంబరు శని ఆదివారాలకు గదులు ముందే నిండిపోతాయి. దొరక్కపోతే జమ్మలమడుగు 15 కిలోమీటర్లు, అక్కడ లాడ్జీలున్నాయి.

మూడో రోజు తెల్లవారి లోయ చూసుకుని ఎనిమిదిన్నరకు కదిలితే తాడిపత్రిలో ఒక గుడి గంటలో చూసుకుని, గుత్తి దగ్గర 44వ రహదారి ఎక్కి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

నాపరాయి

బెలుం గురించి నేను చెబుతాను, అమ్మగారి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ముందు ఆ గుహ ఎలా పుట్టిందో తెలిస్తే ఎక్కడ ఏ కష్టం వస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది. కొలిమిగుండ్ల చుట్టుపక్కలంతా నాపరాయి, అంటే పలకలు పలకలుగా లేచే నల్ల సున్నపురాయి. మన ఇళ్లలో కడప బండలు, బేతంచెర్ల బండలు అని పరిచేది ఈ జాతి రాయే. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయి పగుళ్లలోకి దిగి రాతిని కరిగిస్తూ పోతుంది. లక్షల ఏళ్లకు పగులు సందయింది, సందు గుహ అయింది. అందుకే బెలుం ఒక పెద్ద హాలు కాదు, నేల కింద మెలికలు తిరిగిన సందుల ఊరు. కొన్నిచోట్ల పది మంది పక్కపక్కన నిలబడవచ్చు, కొన్నిచోట్ల భుజాలు గోడకు రాసుకుంటాయి.

బయట నుంచి చూస్తే ఏమీ కనబడదు, చదునైన పొలం. బావుల్లాంటి మూడు గోతులుంటాయి, నడిమి దానిలోంచి దారి. బిలం అనే మాట నుంచే బెలుం అయిందంటారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహ గురించి రాశాడు. 1982, 83లలో జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబావర్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులకు తెరిచింది అందులో సగం లోపే, ఒకటిన్నర కిలోమీటర్ల వరకు. 2002 నుంచి టికెట్టు మీద చూపిస్తున్నారు.

ఇక నడక. మొదట్లోనే ఇరవై మీటర్ల లోతుకు మెట్ల మీద దిగాలి, తర్వాత చివర్లో పాతాళగంగ దిగుడు తప్ప దాదాపు సమతలం. అంటే అమ్మగారికి దిగేటప్పటి కంటే తిరిగి ఎక్కేటప్పుడే పరీక్ష, అదీ ఒళ్లంతా చెమటతో అలసిపోయాక. ఆ మెట్లు మీరు చెప్పిన ఇరవై మెట్ల కంటే చాలా ఎక్కువ. నా మాట వింటే అమ్మగారిని లోపలికి తీసుకెళ్లకండి. పైన చెట్లు, పెద్ద బుద్ధ విగ్రహం, కూర్చునే చోటు ఉన్నాయి. ఒకరు తోడుంటే మిగతావాళ్లు వెళ్లి రండి. ఉబ్బసం, గుండె జబ్బు, ఇరుకంటే భయం ఉన్నవాళ్లకూ ఇదే మాట.

లోపల మనిషిని దెబ్బతీసేది వేడి కాదు, తేమ. గోడలు, మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండి ఉండడంతో ఒంటి మీద చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గొట్టాల ద్వారా గాలి పంపుతారు, ఆ గొట్టం కనబడిన చోట నిమిషం ఆగితే ఊపిరి తేలికవుతుంది. ఆదివారం మధ్యాహ్నం జనం నిండితే ఆ గాలి కూడా సరిపోదు, పది గంటలకే వెళ్లమనేది అందుకే. పలుచని నూలు బట్టలు, పట్టున్న అరికాలి చెప్పులు లేదా బూట్లు వేసుకోండి. మనిషికి అర లీటరు నీళ్లు, ఇద్దరికి ఒక టార్చి చొప్పున ఉంచుకోండి. దీపాలున్నాయి, కానీ కరెంటు పోతే పాపకు ఆ రెండు నిమిషాలు చాలా పొడవు. కెమెరా అద్దం లోపలికి పోగానే మసకబారుతుంది. పది నిమిషాలు బయటే పెట్టుకుని తుడవండి, సంచిలో మూసి ఉంచితే ఇంకా ఆలస్యం.

ఏం చూడాలి అంటే, సింహద్వారం దాటాక కోటిలింగాల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. కప్పు నుంచి కారే ప్రతి చుక్కా కొద్దిగా సున్నాన్ని వదిలిపోతుంది. పైన ఊడ దిగుతుంది, కింద మొటిక లేస్తుంది, రెండూ కలిస్తే స్తంభం. ఆ మూడు దశలూ ఒకే గదిలో కనబడతాయి. వేయి పడగల గది కప్పు చూడడానికి టార్చిని పక్క నుంచి వేయండి, నేరుగా వేస్తే చదునుగా కనిపిస్తుంది. సప్తస్వరాల గుహలో ఊడలను తడితే లోహపు చప్పుడు వస్తుంది. దయచేసి రాయితో, తాళాలతో కొట్టకండి, కొట్టనివ్వకండి. వేల ఏళ్లు పట్టి పెరిగిన ఊడ ఒక్క దెబ్బకు విరుగుతుంది, మళ్లీ రాదు. చివరగా పాతాళగంగ, 46 మీటర్ల లోతు, గుహలో అన్నిటికన్నా లోతైన చోటు. అక్కడో ఊట పారి భూమిలోకి మాయమవుతుంది. ఆ దిగుడు తడిగా, నిటారుగా ఉంటుంది. పాపను ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకుని దింపాలి.

ఇంతా కలిపి గంటంబావు నుంచి గంటన్నర. పెద్ద వాన పడిన మర్నాడైతే ఏ భాగం తెరిచారో టికెట్టు కొనేముందే అడగండి.

పెన్నా_ఒడ్డు

గండికోటకు సాయంత్రమూ కావాలి, తెల్లవారుజామూ కావాలి. ఒక్కటే కుదిరితే తెల్లవారుజాము. పగలు పదకొండు నుంచి మూడు దాకా వద్దు.

కారణం రాయే. పైన చెప్పిన బెలుం రాయి నీటికి కరుగుతుంది, గండికోటది కరగని గట్టి ఇసుకరాతి జాతి, క్వార్ట్‌జైట్. నిలువు పగుళ్ల వెంట దిమ్మలు దిమ్మలుగా విరిగి పడుతుంది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పోయిన చోట రెండు వైపులా ఇటుకలు పేర్చినట్టు నిలువు గోడలు మిగిలాయి. ఆ గండి పక్కన కట్టిన కోట కాబట్టి గండికోట. నడినెత్తిన ఎండ ఉంటే ఆ దిమ్మల మధ్య నీడలు ఉండవు, గోడ మొత్తం తెల్లగా వెలిసిపోయి కనబడుతుంది. వాలు ఎండలో ప్రతి పగులుకూ నీడ పడి, ఎర్రరంగు తేలుతుంది. డిసెంబరులో సూర్యోదయం ఆరున్నర దాటాక, సూర్యాస్తమయం పావుతక్కువ ఆరుకు అటూఇటూ. ఉదయం ఆరు గంటలకే అంచు దగ్గర ఉండండి, చీకట్లో నడవాలి కాబట్టి టార్చి తప్పనిసరి.

లోయలో నీళ్లు ఎంత ఉంటాయన్నది వానను బట్టి కాదు. పైన గండికోట రిజర్వాయరు, కింద మైలవరం డ్యాం ఉన్నాయి, మధ్యలో ఉన్నదే మీరు చూసే లోయ. ఈ రెండింటిలో నీటి నిల్వను బట్టి ఒక్కోసారి నిండుగా, ఒక్కోసారి సన్నటి పాయగా ఉంటుంది. అందుకే లోయలోకి దిగి ఈత కొట్టే ఆలోచన ఎవరు చేసినా ఆపండి. ఒడ్డు నిలువుగా ఉంటుంది, ఎక్కి రావడానికి పట్టు దొరకదు, పై నుంచి నీరు ఎప్పుడు వదులుతారో కింద ఉన్నవాళ్లకు తెలియదు.

అంచు దగ్గర మీకై మీరు జాగ్రత్త పడాల్సిందే. జనం పాదాలకు నున్నబడ్డ బండల మీద మంచు పడితే పొద్దున జారుతాయి. గాలి ఒక్కసారిగా తోస్తుంది. దిమ్మల మధ్య సందులు దూకే దూరంలోనే కనిపిస్తాయి, ప్రమాదాలు జరిగేది అక్కడే. పాపను అంచుకు మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చోబెట్టే చూపించండి. కూర్చుంటే ఏమీ తగ్గదు, పైగా లోయ ఇంకా బాగా కనబడుతుంది.

అమ్మగారికి: కారు కోట వాకిలి దాటి ఊరి మీదుగా లోపలికి వెళుతుంది. ఇనుప మేకులు దిగ్గొట్టిన పెద్ద తలుపులు, మెలిక తిరిగిన దారి. ఏనుగులు వేగం అందుకుని తలుపు గుద్దకుండా కట్టిన మెలిక అది, కాబట్టి మీరూ హారన్ కొట్టి మెల్లగా తిప్పండి. కారు ఆపిన చోటికి జామియా మసీదు, ధాన్యాగారం దగ్గరే, నేల చదును. మసీదు ముందు కోనేరు గట్టున కూర్చుంటే రెండు మినార్లు నీళ్లలో కనబడతాయి. లోయ అంచుకు మాత్రం ఎగుడుదిగుడు బండల మీద పది నిమిషాల నడక. చేతికర్ర, ఒక మనిషి తోడుంటే మొదటి చూపు దక్కే చోటు దాకా రాగలరు, చివరి దిమ్మల మీదికి వద్దు.

లోయ చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ, అది బాధ. మాధవరాయ స్వామి గుడి గోపురం, మంటపం స్తంభాలు ఒక గంట అడుగుతాయి. లోపల మూర్తి లేదు, పూజ లేదు, అందుకే శిల్పం ఒక్కదాన్నే చూడగలుగుతాం. ధాన్యాగారం కమాను కప్పు కింద నిలబడి మాట్లాడి చూడండి, గొంతు ఎలా తిరిగి వస్తుందో పాపకు నచ్చుతుంది. విజయనగర రాజుల కింద ఈ కోట పెమ్మసాని నాయకులది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు, 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి చూసినదంతా రాశాడు. మూడు వైపులా కొండ, ఒక వైపు ఈ లోయ ఉన్న కోట ఎలా పడిపోయిందన్న ప్రశ్న అక్కడ నిలబడినప్పుడే సరిగ్గా పుడుతుంది.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి.

గోపురం_నీడ

రేనాటి_బాటసారి గారు తాడిపత్రికి గంట ఇచ్చారు, నేను ఒప్పుకోను. ఈ నాలుగింటిలో రాతి పనికి తాడిపత్రే ముందు. కనీసం రెండున్నర గంటలు, రెండు గుడులూ.

గండికోట నుంచి ఏడున్నరకే కదలండి. జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా 67వ జాతీయ రహదారి పట్టుకుంటే తొమ్మిదిన్నరకు చేరతారు. ముందు పెన్న ఒడ్డునున్న బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి. బుగ్గ అంటే ఊట, లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది పూర్తికాని గోపురాలు. మీద కట్టడం లేదు, రాతి అడుగు భాగం మాత్రమే ఉంది. ఆ భాగంలో చేతివేళ్లంత ఖాళీ కూడా వదలకుండా చెక్కారు. పొద్దుటి ఎండ పక్క నుంచి పడితేనే లోతు తెలుస్తుంది, పది దాటితే సగం పోతుంది.

తర్వాత ఊళ్లో చింతల వెంకటరమణ స్వామి గుడి. చింతతోపులో వెలిసిన స్వామి కాబట్టి ఆ పేరు. గరుడ మంటపం రాతి రథం ఆకారంలో ఉంటుంది, హంపి రథం చూసినవాళ్లు పోల్చి చూడండి. గోడల మీద రామాయణం, భాగవతం వరుసగా చెక్కి ఉంటాయి. పాపకు కథ తెలిస్తే తనే చదువుకుంటూ పోతుంది. రెండు గుడులూ పెమ్మసాని వాళ్లవే. ముందురోజు గండికోటలో వాళ్ల కోట, ఈ రోజు వాళ్ల గుడులు, కాబట్టి వరుస కూడా బాగా కుదిరింది. అమ్మగారికి ఇక్కడ ఎక్కేదేమీ పెద్దగా లేదు. రాతి నేల పదకొండుకల్లా కాలుతుంది, చెప్పులు వదలాలి, ఆమెకు మేజోళ్లు తెచ్చుకోండి.

మూడుపగళ్లు

అందరికీ ధన్యవాదాలండి. అమ్మ బెలుంలో పైనే ఉంటుంది, తాడిపత్రికి పూట మొత్తం ఇస్తాం. ఇంకొక్కటి. తమ్ముడు చెన్నై నుంచి రైల్లో వచ్చి రెండో రోజు మధ్యాహ్నం మాతో కలవాలంటున్నాడు. ఎక్కడ దిగాలి? మ్యాపులో జమ్మలమడుగు స్టేషను కనబడుతోంది.

రైలుకట్ట

జమ్మలమడుగు, బనగానపల్లె స్టేషన్లు ఎర్రగుంట్ల–నంద్యాల లైను మీదవి. అది కొత్త లైను, బళ్లు తక్కువ. చెన్నై నుంచి గుంతకల్లు, ముంబయి వైపు పోయే పాత లైనులో కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి వరుసగా వస్తాయి. గండికోటకు దగ్గరిది ముద్దనూరు, 26 కిలోమీటర్లు, కానీ అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు. టికెట్టు తీసేముందు ఆ బండికి ముద్దనూరులో ఆగడం ఉందో లేదో చూసుకోమనండి. లేకపోతే ఎర్రగుంట్లలో దిగి బస్సులో జమ్మలమడుగు వస్తే చాలు. బెలుం నుంచి మీరు వచ్చే దారి అదే, ఒంటిగంటన్నర ప్రాంతంలో బస్టాండు దగ్గర ఎక్కించుకోవచ్చు. జమ్మలమడుగు నుంచి గండికోటకు బస్సులు తక్కువ, దాని కోసం ఆగవద్దు, ఆటో మాట్లాడుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి మూడో రోజు తాడిపత్రిలోనే రైలెక్కించండి, మీ దారి మారదు.